ఎదురు మగ్గం

ఆ కట్టడం ఎన్ని వేషాలు మార్చినా చిన్నక్క మాత్రం దాన్ని మిల్లు అనే అంటుంది. బయట బంగారు రంగు అక్షరాలతో ఫంక్షన్ హాలని బోర్డు ఉంది. లోపల ఎర్ర తివాచీ, పైనుంచి వేలాడే గాజు దీపాలు, పాత ఇటుక గోడలు కనబడకుండా గులాబీ రంగు తెరలు. అయినా పొద్దున్నే చెప్పులు తొడుక్కుంటూ "మిల్లుకి పోతున్నా" అంటుంది. అరవై మూడేళ్ళొచ్చాక ఆ నోటికి ఇంక కొత్త పేరు ఎక్కడ పలుకుతుంది? బట్టల మిల్లు మూతపడ్డాక అది ధాన్యం గోదామైంది. చిన్నక్క అందులో చిరిగిన గోనెసంచులు కుట్టింది. గోదాము పోయి పరీక్షల హాలైంది. బల్లలు తుడిచి పిల్లలకి మంచినీళ్ళు అందించింది. ఇప్పుడు పదకొండేళ్ళుగా ఫంక్షన్ హాలు; ఊడ్చి తుడుస్తోంది. పనులు మారాయి గానీ ఆమె నడిచే దారి మారలేదు. "నిన్ను ఆ కట్టడమే పెళ్ళాడింది అత్తా" అని మేనకోడలు ఎగతాళి చేస్తుంటుంది. ఆ పిల్ల కూడా అక్కడే పనిచేస్తుంది, అత్తతో పాటే ఒకే ఇంట్లో ఉంటుంది కాబట్టి ఆ మాత్రం చనువు తీసుకుంటుంది.

బుధవారం మధ్యాహ్నం మేనేజరు పనివాళ్ళందర్నీ వేదిక దగ్గరికి రమ్మన్నాడు. మొత్తం ఆరుగురు. చిన్నక్క అందరికంటే ముందుకి వెళ్ళి నిలబడింది. పందొమ్మిదేళ్ళు మగ్గాల హోరు తిన్న చెవులు ఆమెవి. వాటి పని ఎప్పుడో అయిపోయింది. ఎవరేం మాట్లాడినా పెదవులు చూసి పట్టేస్తుంది. చిక్కల్లా మేనేజరుతోనే. ఆయన మీసం పెంచినప్పటినుంచీ మాటల్లో సగం ఆ మీసంలోనే ఇరుక్కుపోతున్నాయి.

"ఆదివారంతో సరి. సోమవారం నుంచి హాలు ఉండదు. కట్టడం అమ్మేశారు," అన్నాడాయన.

మేనకోడలు అత్త వైపు తిరిగి, పెదవులు బాగా కదిపి ఆ మాట మళ్ళీ చెప్పింది.

"ఇందులోకి ఏం వస్తుంది సార్?" అనడిగింది చిన్నక్క.

"కంప్యూటర్లు. బీరువాలంత పెట్టెలు వరసగా పెడతారంట. పగలూ రాత్రీ వాటంతట అవే ఆడుతుంటాయి."

"వాటి చుట్టూ ఊడవాలిగా మరి?"

"దుమ్మే ఉండదంటమ్మా. మనుషులు లోపలికి పోతేనే కదా దుమ్ము."

చిన్నక్కకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. మళ్ళీ వరసల్లో యంత్రాలు, మళ్ళీ ఆగని హోరు. మిల్లు తిరిగి మిల్లే అవుతోంది, మనుషులొక్కళ్ళే తక్కువ. ఇంకెక్కడ పని దొరుకుతుందా అని మిగతావాళ్ళు గుసగుసలు మొదలుపెట్టారు. ఆమె బకెట్టు తీసుకుని వెళ్ళి, తివాచీ చుట్టి పెట్టిన చోట నేల మీద ఎవరో ఉమ్మేసిన బబుల్‌గమ్ గీకుతూ కూర్చుంది.

ఆ నేల ఆమెకి కంఠోపాఠం. మగ్గాలు ఊడదీశాక బోల్టుల గుంతలు సిమెంటుతో పూడ్చారు గానీ, ఆ సిమెంటు రంగు కలవలేదు. నాలుగు మచ్చలకి ఒక మగ్గం. మూడో స్తంభం పక్కనున్న నాలుగూ ఆమె మగ్గానివి. వాటికి ఎదురుగా ఉన్న నాలుగూ ఆమె స్నేహితురాలివి; ఆగని వాగుడుకి మిల్లంతా ఆమెని వసపిట్ట అనేది.

మేనేజరు ఎవరికో హాలు చూపిస్తూ అటువైపు వచ్చాడు. ఆదివారం చివరి బుకింగు ఆయనదే: కూతురి పెళ్ళి విందు, మధ్యాహ్నం. యాభై ఏళ్ళ భారీ మనిషి. నడుం మీద చేతులు పెట్టుకుని పైకప్పు కేసి చూస్తూ ఏదో అంటున్నాడు. చిన్నక్క చేతిలో గీకుడు రేకు ఆగిపోయింది. ఆమె చూస్తున్నది ఆయన్ని కాదు, ఆయన నోటిని. మాట మొదలుపెట్టే ముందు పై పెదవి ఎడమ పక్కకి ఇంత లేస్తోంది. ఆ లేవడం ఈ ప్రపంచంలో ఒక్క మనిషికే ఉంది.

"మా అమ్మ ఇక్కడే పనిచేసింది, ఇది మిల్లుగా ఉన్నప్పుడు," అంటున్నాడాయన. "ఎంత మంచి హాళ్ళు చూపించినా ఆవిడ ఒప్పుకోలేదు. చేస్తే ఇక్కడే చెయ్యాలంది."

చిన్నక్క మోకాళ్ళ మీదే నాలుగడుగులు ముందుకి జరిగింది. "బాబూ, మీ అమ్మని మిల్లులో వసపిట్ట అనేవాళ్ళం! బాగుందా?" అంది. చెవిటివాళ్ళకి గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా. హాలు హాలంతా ప్రతిధ్వనించింది.

ఆయన ఉలిక్కిపడి కిందకి చూశాడు. ఎదురుగా నీలం కోటు, రబ్బరు చేతితొడుగులు, మోకాళ్ళ మీద ఓ ముసలామె. "మా అమ్మకి అలాంటి పేరేం లేదు," అని మేనేజరు వైపు తిరిగాడు. "చూడండి, ఆ రోజు మీ పనివాళ్ళు హాల్లో తిరక్కుండా చూసుకోండి. ఫోటోల్లో బకెట్లూ చీపుళ్ళూ పడితే ఏం బాగుంటుంది?"

"అబ్బే, భోజనాలయ్యేదాకా వంటింటి గుమ్మం దాటి ఒక్కరు రారు," అని మేనేజరు మాటిచ్చేశాడు. ఈ ఒక్క మాటకి మాత్రం మీసం అడ్డం రాలేదు.

ఇంటికెళ్ళేదాకా మేనకోడలు ఒంటికాలి మీద లేస్తూనే ఉంది. "తల్లి బాగుందా అని అడిగినా నీకేసి సరిగ్గా చూడలేదు అత్తా! ఏం, చీపురు పట్టుకుంటే మనుషులం కామా?" చిన్నక్కకి ఆ కోపం అంటలేదు. ఆదివారం వసపిట్ట వస్తోంది. ఇంక నాలుగు రోజులు. ఆ రాత్రి కూరలో ఉప్పు వేయడం మర్చిపోయింది, తిన్నవాళ్ళు చెప్తే గానీ తెలియలేదు.

శుక్రవారం ఇద్దరూ కుర్చీలకి తెల్ల తొడుగులు వేస్తున్నారు. నాలుగు వందల కుర్చీలు. తొడుగు ఎక్కించి, వెనకాల నాడాలు ముడేయాలి. మేనకోడలు ఒకటి వేసే లోపు చిన్నక్క రెండు వేసేస్తోంది. తెగిన పోగుని రెప్పపాటులో ముడేసిన వేళ్ళవి, ఇంకా మొద్దుబారలేదు.

"అంత ఆత్రం దేనికత్తా? ఆవిడొస్తే ఏం చేస్తావు?"

"ఒక మాట అడగాలి."

"ఏం మాట?"

చిన్నక్క ఇంకో మూడు కుర్చీలకి తొడుగులు వేసింది. తర్వాత అటూ ఇటూ చూసి, తన గొంతు మీద తనకి నమ్మకం లేదు కాబట్టి, గొంతు అసలే వాడకుండా పెదవులతో చెప్పింది. మిల్లులో అందరి భాషా అదే. రెండు వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కన పిడుగు పడ్డా వినబడేది కాదు. అందుకని పెదవులు పెద్దగా కదిపి, చేతులతో కాస్త సాయం పట్టి మాట్లాడుకునేవాళ్ళు. పెదవిమాట అనేవాళ్ళు దాన్ని. ఈ పిల్లకి ఊహ తెలిసినప్పటినుంచీ అత్త నేర్పింది.

"మిల్లులో మగ్గాలు బాగుచేసే ఫిట్టరు ఒకడు ఉండేవాడు. పొడుగ్గా ఉండేవాడు. నన్ను చేసుకుంటానన్నాడు. అప్పుడు నాకు ఇరవై తొమ్మిది."

మేనకోడలి చేతిలో నాడాలు అలాగే ఉండిపోయాయి. "నువ్వేమన్నావు?"

"మర్నాటికి చెప్తానన్నాను. మర్నాడు మగ్గం మీద ఉండగా వసపిట్టని అడిగాను. ఫిట్టరు అడుగుతున్నాడు, ఏం చెప్పమంటావు అని."

"ఏమంది?"

"తల అడ్డంగా ఊపింది. రెండుసార్లు."

"అంతేనా?"

"అంతే. నేను వద్దని చెప్పేశాను."

"ఎందుకొద్దో అడగలేదా!"

"అది నా మంచి కోరిన మనిషి. వద్దందంటే అతని గురించి ఏదో తెలిసే ఉంటుంది. నా నోటితో అడిగి ఆ చెడ్డ మాట వినడం నాకే ఇష్టం లేకపోయింది. అతనంటే..." చిన్నక్క ఆగి, ఇంకో తొడుగు విదిల్చింది. "అతనంటే నాకు ఇష్టంగా ఉండేది."

చెడ్డ మాట ఏదీ ఎన్నడూ బయటపడలేదు. ఆ పైన ఏడేళ్ళు ఫిట్టరు అదే షెడ్డులో ఉన్నాడు. ఆమె మగ్గం మొరాయించినప్పుడల్లా వచ్చి, తలెత్తకుండా బాగుచేసి వెళ్ళేవాడు. ఇంకెవర్నో పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని బాగా చూసుకున్నాడు, తాగలేదు, తిట్టలేదు. మిల్లు మూసినప్పుడు మగ్గాలన్నీ అతనే ఊడదీశాడు. ఆరేళ్ళ కిందట పోయాడని తెలిసింది. ఆ కబురు విన్న రోజు చిన్నక్క పనికి వచ్చి, మూడో స్తంభం దగ్గర నేలని పొద్దున్నించి సాయంత్రం దాకా తుడిచింది. మేనేజరు చూసి మెచ్చుకున్నాడు కూడా.

"మరి ఇన్నాళ్ళూ వెళ్ళి అడగొచ్చుగా?"

"వెళ్ళాను. మూడుసార్లు."

అది తలుచుకుంటే చిన్నక్కకి ఇప్పటికీ ఉసూరుమంటుంది. మిల్లులో పందొమ్మిదేళ్ళు విడవకుండా మాట్లాడుకున్న ఇద్దరూ వసపిట్ట ఇంట్లో, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, కొత్తవాళ్ళలా కూర్చున్నారు. వసపిట్ట గొంతు సన్నగా కీచుమంటుందని ఎవరో అన్నారు గానీ, చిన్నక్కకి అదీ సరిగా వినబడలేదు. వసపిట్ట చెవులూ ఆ హోరు తిన్నవే, గుట్టుమాట అడగాలంటే ఇల్లెగిరిపోయేలా అరవాలి. పోనీ పెదవిమాటలో అడుగుదామంటే, కోడలు గుమ్మంలో నిలబడి "నా గురించేనా?" అన్నట్టు చూసేది. పైగా వసపిట్టే కుదురుగా ఉండేది కాదు. పాత రోజుల ఊసెత్తగానే టీ పెడతాననో, పిల్లాడు ఏడుస్తున్నాడనో లేచిపోయేది. మూడోసారి తర్వాత చిన్నక్క వెళ్ళడం మానేసింది. ఆ తర్వాత వసపిట్ట కొడుకుతో ఊరి అవతలి చివరకి మారిపోయింది.

"వాగుడంతా మిల్లు హోరులోనే ఉండేదే," అంది మేనకోడలితో. "హోరు ఆగాక మా ఇద్దరికీ మాట లేకుండా పోయింది. ఆదివారం ఇక్కడ పాటలు పెడతారుగా. ఆ గోలలో ఎవరి మాట ఎవరికీ వినబడదు. మేమిద్దరమే మాట్లాడుకోగలం. సోమవారానికి ఆ గోల కూడా ఉండదు."

శనివారం పొద్దున స్పీకర్లు దిగాయి. ఒక్కోటి బీరువా అంత ఉంది. కుర్రాళ్ళు వాటిని వేదికకి రెండు వైపులా నిలబెట్టి, పాటొకటి పెట్టి పరీక్షించారు. నేల అదిరింది. చిన్నక్క చెప్పులు విడిచి, అరికాళ్ళు సిమెంటుకి ఆనించి నిలబడింది. వినబడకపోతేనేం, కాళ్ళలోంచి పైకి పాకింది, పిక్కల దాకా, మోకాళ్ళ దాకా. మగ్గం ఇలాగే ఎక్కేది ఒంట్లోకి. ఒక్క క్షణం ఆమె కుడిచేయి తనంతట తనే నూలు చుట్టిన కండె అందుకోవడానికన్నట్టు లేచింది. ఎంత బెంగ పెట్టుకుని బతుకుతోందో ఆమెకి అప్పుడు తెలిసింది. మనిషి మీద బెంగా, మగ్గం మీద బెంగా, ఆ వయసు మీద బెంగా విడదీసి చెప్పమంటే ఆమె చెప్పలేదు.

కుర్చీలు వేసే పని ఆమెదే. ఇంటి పెద్దల కోసం మెత్తలున్న కుర్చీలు పన్నెండు వచ్చాయి. వాటిని వేదిక ముందు వేయమన్నారు. చిన్నక్క పదకొండు అక్కడ వేసి, పన్నెండోది మోసుకుంటూ మూడో స్తంభం అవతలికి వచ్చింది. తివాచీ అంచు ఎత్తి మచ్చలు చూసుకుంది. వసపిట్ట నిలబడే చోటు, సరిగ్గా ఆ నాలుగు మచ్చల ముందు, కుర్చీ పెట్టింది. అక్కడి నుంచి తిన్నగా చూస్తే వంటింటి గుమ్మం. మధ్యలో తన మగ్గం చోటు. రేపు ఆ చోటుకి వెళ్ళే హక్కు తనకి లేదు గానీ, గుమ్మంలో నిలబడితే దూరం కాస్త ఎక్కువవుతుందంతే, వరస మాత్రం పాత వరసే.

మేనేజరు వచ్చి, "ఇదేంటి, ఇక్కడొకటి?" అన్నాడు.

"అక్కడ స్పీకరు హోరుకి పెద్దావిడకి గుండె దడొస్తుంది సార్. ఇక్కడైతే నెమ్మదిగా ఉంటుంది."

ఆయనకి ఆ మాట నచ్చింది. రేపు పెళ్ళివాళ్ళ దగ్గర ఆ ఆలోచన తనదేనని చెప్పుకోవచ్చనుకున్నాడు కాబోలు, తల పంకించి వెళ్ళిపోయాడు.

ఆదివారం పదకొండింటికే హాలు నిండింది. పనివాళ్ళు ఆరుగురూ వంటింట్లో ఉన్నారు. చిన్నక్క తలకి నూనె రాసి నున్నగా దువ్వుకుంది, నీలం కోటు రాత్రే ఉతికి ఇస్త్రీ చేసుకుంది. "నీ ముఖం చూస్తే పెళ్ళికూతురు నువ్వేననుకుంటారు," అంది మేనకోడలు. చిన్నక్క విననట్టు నటించింది. చెవిటితనం వల్ల ఆ ఒక్క సుఖం ఉంది.

వసపిట్ట వచ్చింది. బాగా లావెక్కింది. జుట్టు ముగ్గుబుట్టయింది. ఓ చేతిలో కర్ర, రెండో చెయ్యి మనవరాలి భుజం మీద. అడుగు వేసే ముందు కర్రతో నేల తడుముకుంటోంది. మేనేజరు తానే ఎదురెళ్ళి, ఎంతో ఆదరంగా మూడో స్తంభం దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆమె కూర్చుని, చుట్టూ చూసి, కాలితో తివాచీని రెండుసార్లు రాసింది. తర్వాత కదలకుండా కూర్చుండిపోయింది.

పాటలు మొదలయ్యాయి. హాల్లో నాలుగు వందల మంది ఒకరి చెవిలో ఒకరు నోరు పెట్టి అరుచుకుంటున్నారు. చిన్నక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. కుడిచేయి పైకెత్తి, మణికట్టు గుండ్రంగా తిప్పింది. "నాకేసి చూడు" అనడానికి మిల్లులో సైగ అది.

వసపిట్ట తల టక్కున తిరిగింది. ముఖమంతా విచ్చుకుంది. కర్ర ఒళ్ళో పడేసి, తను కూడా చెయ్యెత్తి మణికట్టు తిప్పింది. ఆ వెంటనే వసపిట్ట అన్న పేరు నిలబెట్టింది: "వచ్చావా! నువ్వుంటావని తెలుసే నాకు. ఇక్కడే చెయ్యాలని అందుకే గోల చేశాను. నా మోకాళ్ళు చూడు, రోకళ్ళయ్యాయి. ఈ చెప్పులు కరిచి చంపుతున్నాయి, మనవరాలు కొంది, విప్పితే ఏడుస్తుంది. ఇదేం హోరే, మన మగ్గాల ముందు ఇది ఈగ మోత..."

ఒక్క మాట పొల్లుపోకుండా అందుతోంది. ఎడమ పక్కకి లేచే ఆ పై పెదవి. చిన్నక్క నవ్వింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ నవ్వింది. వెనక నుంచి ఎవరో ఖాళీ పళ్ళేల తొట్టె తెచ్చి ఆమెని పక్కకి జరగమన్నారు, జరగలేదు. ముప్పై నాలుగేళ్ళు దాచుకున్న మాట గొంతు దగ్గరికి కాదు, తిన్నగా పెదవుల దగ్గరికి వచ్చేసింది. వసపిట్ట ఊపిరి తీసుకోవడానికి ఆగిన సందులో అడిగేసింది.

"ఫిట్టర్ని ఎందుకొద్దన్నావు? ఆ రోజు తల అడ్డంగా ఎందుకూపావు?"

వసపిట్ట ఆమెకేసి చూసింది. ముఖం చిట్లించి, మెడ ముందుకి చాచి చూసింది. తర్వాత తల అడ్డంగా ఊపింది. రెండుసార్లు.

అప్పుడెలా ఊపిందో అలాగే. చెప్పనంటోంది. ఇన్నేళ్ళ తర్వాత, ఆ మనిషి మట్టిలో కలిసిపోయాక కూడా, చెప్పనంటోంది. గుమ్మం వదిలి లోపలికి వచ్చి, అంట్ల తొట్టె ముందు నిలబడి పళ్ళేలు కడగడం మొదలుపెట్టింది. కడిగినవే మళ్ళీ కడుగుతోంది. మేనకోడలు వచ్చి ముఖంలోకి చూసి, పక్కన నిలబడి తుడవసాగింది.

కాసేపటికి ఎవరో భుజం మీద తట్టారు. వసపిట్ట! వగరుస్తూ, ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో విప్పేసిన చెప్పులు పట్టుకుని, తడి నేల మీద వట్టి కాళ్ళతో నిలబడి ఉంది. ఆమె వెనకాలే కొడుకు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మా, ఇక్కడేంటి నువ్వు? అంతా తడి. జారిపడతావు, రా."

"నువ్వు పో," అంది వసపిట్ట. "అక్కడ నీ అతిథులున్నారు, చూసుకో. నేను నా ఎదురుమగ్గంతో మాట్లాడాలి."

ఆయన తల్లికేసీ, నీలం కోటుకేసీ మార్చి మార్చి చూశాడు. బుధవారం నాటి మోకాళ్ళ మీది మనిషి గుర్తొచ్చినట్టుంది. మెడ దాకా ఎర్రబడ్డాడు. "కుర్చీ వేయించమంటారా?" అని చిన్నక్కని 'మీరు' అన్నాడు. జవాబు కోసం ఎవరూ ఆయన వైపు చూడకపోయేసరికి, మెల్లగా వెనక్కి వెళ్ళిపోయాడు. మేనకోడలు సోడా పెట్టె ఒకటి బోర్లించి దాని మీద గుడ్డ పరిచింది. వసపిట్ట కూలబడింది. చిన్నక్క ఎదురుగా ఇంకో పెట్టె మీద కూర్చుంది. ఇద్దరి మోకాళ్ళూ తగులుతున్నాయి. పాటల హోరు వంటింటి పళ్ళేలన్నిటినీ వణికిస్తోంది.

"ఇందాక ఏమన్నావు?" అంది వసపిట్ట పెదవులతో.

"చూశావుగా. తల అడ్డంగా ఊపావుగా."

"చూస్తే ఎందుకూపుతానే? కనబళ్ళేదనే ఊపాను. కళ్ళజోడు మనవరాలి సంచీలో ఉంది. ఫోటోలకి బాగుండదని తీయించారు."

"నీకు కళ్ళజోడెప్పటినుంచి?"

వసపిట్ట ఒళ్ళోని చెప్పులు సర్దుకుంది. "మిల్లు మూసిన మర్నాటినుంచి. నువ్వు ఇంటికొచ్చినప్పుడల్లా తీసి దాచేదాన్ని," అంది.

చిన్నక్క నోరు వెళ్ళబెట్టింది.

"ముందు పెట్టుకుంటే పనిలోంచి తీసేసేవాళ్ళుగా! ఏటా గోడకి అట్ట తగిలించి అక్షరాలు చదివించేవాళ్ళు, గుర్తులేదూ? ముందు చదివినవాళ్ళ పెదవులు దగ్గర్నుంచి చూసి బట్టీ పట్టేదాన్ని. నాకు దగ్గరవన్నీ బాగా కనబడతాయే. పోగు కనబడుతుంది, ముడి కనబడుతుంది. దూరంవే కనబడవు. రెండు మగ్గాల అవతల నువ్వు... చెయ్యెత్తితే తెలిసేది. నవ్వితే తెలిసేది. నీ ముఖం చిన్నబోతే అదీ తెలిసేది. నీ మాటలు మాత్రం ఎప్పుడూ కనబళ్ళేదు."

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ. అందుకే అంత వాగేదాన్ని. నేను మాట్లాడుతున్నంతసేపూ నువ్వు మాట్లాడవుగా."

చిన్నక్క లేచి నిలబడింది. కొళాయి దగ్గరికెళ్ళి, అవసరం లేకపోయినా తిప్పింది, కట్టేసింది. ఆ రోజుల్లో మగ్గం మీద ఉండగా అమ్మ జబ్బు సంగతి చెప్పుకుంది. అన్న తాగుడు గురించి చెప్పుకుంది. ఫిట్టరు బాగుచేస్తూ మగ్గం మీద చెయ్యి వేస్తే, అతను వెళ్ళాక ఆ చోట తన చెయ్యి వేసుకుని నిలబడతానని కూడా, సిగ్గు విడిచి, ఈ మనిషికి చెప్పుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది. వెనక్కి తిరిగి, "పందొమ్మిదేళ్ళు గోడకి చెప్పుకున్నానన్నమాట!" అంది. ఆ కోపంలో గొంతు కూడా వచ్చింది, వంటవాళ్ళు తిరిగి చూశారు.

"గోడ నీకేసి పందొమ్మిదేళ్ళు చూస్తుందా?" అంది వసపిట్ట. ఆమె కళ్ళు నిండిపోయాయి. "నువ్వు మా ఇంటికొచ్చినప్పుడల్లా నా ప్రాణం గిలగిలలాడేదే. పాత మాటేదో ఎత్తుతావు, నాకు తెలియదని తెలిసిపోతుంది. 'అదొక్కతే నన్ను అర్థం చేసుకుంది' అనుకుంటున్నావని నాకు తెలుసు. ఆ నమ్మకం ఎలా పోగొట్టుకోను?"

చిన్నక్క మళ్ళీ వచ్చి పెట్టె మీద కూర్చుంది. "కనబడనప్పుడల్లా అలా తల ఊపేదానివా?" అని అడిగింది.

"ఊపేదాన్ని. ఊపితే నువ్వు మళ్ళీ చెప్పేదానివి, పెద్దగా, చేతులు కలిపి. అప్పుడు కాస్తో కూస్తో అందేది. ఒక్కోసారి మళ్ళీ చెప్పేదానివి కాదు."

ఆ రోజు మళ్ళీ చెప్పలేదు. రెండోసారి అడగడానికి సిగ్గేసి, పోగు తెగిందన్న నెపంతో మగ్గం మీదికి వంగిపోయింది. ఒక్కసారి మళ్ళీ అడిగి ఉంటే. చిన్నక్క తన తడి చేతులకేసి చూసుకుంది. ఇప్పుడు చెప్పి ఏం లాభం? చెప్తే ఈ ముసలిది మిగిలిన రోజులన్నీ దాన్ని మోస్తుంది. ఏదో మర్చిపోయానని, చిన్న సంగతేనని తేల్చేస్తే సరిపోతుంది. అలా అనడానికే తలెత్తింది.

వసపిట్ట ఆమె ముఖంలోకే చూస్తోంది. జానెడు దూరం నుంచి, కళ్ళజోడు అక్కర్లేని దూరం నుంచి, పెదవుల మీంచి చూపు కదల్చకుండా చూస్తోంది. అలా ఆమెకేసి ఎవరైనా చూసి ఎన్నేళ్ళయిందో. చిన్నక్క అబద్ధమాడలేకపోయింది.

"ఫిట్టరు నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. నిన్ను సలహా అడిగాను. నువ్వు తల ఊపావు."

వసపిట్ట పెదవులు కదిలి ఆగిపోయాయి. "ఆ పొడుగాటి అతనా? పోయాడటగా?"

"ఊఁ."

"నేనొద్దన్నాననుకుని..."

"ఊఁ."

వసపిట్ట ముఖం ముడుచుకుపోయింది. ఏడుస్తుందేమోనని చిన్నక్క చెయ్యి చాపింది. ఆమె ఏడవలేదు. చాపిన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఒళ్ళో పెట్టుకుంది. అవతల పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. తుడిచే గుడ్డ చేత్తో పట్టుకుని మేనకోడలు కదలకుండా నిలబడింది.

"అడుగు," అంది వసపిట్ట.

"ఇప్పుడేం అడుగుతానే?"

"ఆ రోజు ఎలా అడిగావో అలాగే అడుగు. ఇప్పుడు నాకు కనబడుతోంది."

చిన్నక్క తల వంచుకుంది. సిగ్గేసింది. అరవై మూడేళ్ళ మనిషికి, అంట్ల మధ్య, ముఖం వేడెక్కేంత సిగ్గేసింది. తర్వాత తలెత్తి, గొంతు లేకుండా, ప్రతి మాటా విడివిడిగా, ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లలా అడిగింది.

"ఫిట్టరు అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?"

వసపిట్ట తొందరపడలేదు. ఆ మాట మొత్తం చదివాక కూడా ఇంకా ఆమె నోటికేసి చూసింది, ఇంకేమైనా మిగిలిపోయిందేమోనన్నట్టు. అప్పుడు తల నిలువుగా ఊపింది.

"చేసుకో," అంది. "మంచివాడు. నీకూ ఇష్టమే, నాకు తెలుసు. రేపటిదాకా ఎందుకు, ఇవాళే చెప్పెయ్ అతనికి."

"సరే," అంది చిన్నక్క. "చెప్తాను."